తెగిన కొస చూపించు: గాలం దారం, ముడుల సంగతి

"పెద్దది పడిందండీ, దారం తెంపుకుని పోయింది" అని ఎవరు చెప్పినా నేను అడిగేది ఒకటే, తెగిన కొస ఏదీ, ఓసారి చూపించు అని. మామూలుగా అది వాళ్ళ దగ్గర ఉండదు, చిరాకులో కోసి పారేసి ఇంకో గాలం కట్టేసుకుంటారు. అసలు జరిగిందేంటో చెప్పే సాక్షి అదొక్కటేనండీ బాబూ. కొస పంది తోకలాగా మెలికలు తిరిగి ఉంటే దారం తెగలేదు, మీ ముడి జారిపోయింది, చేప దారం మొత్తం మీకే వదిలేసి గాలం మాత్రం పట్టుకుపోయింది. మెలికలు ఒకటో రెండో ఉండి టక్కున ఆగిపోతే ముడి జారలేదు గానీ ముడిలోపలే తెగింది, అంటే తడపకుండా బిగించారు, లేదా చుట్లు ఒకదాని మీదకి ఒకటి ఎక్కాయి. కొస తెల్లగా పొరలు లేచి, ఆ పైన జానెడు దూరం గోటికి గరుకు తగులుతుంటే రాయికో, చేప పళ్ళకో ఒరుసుకుంది. ముడికి సంబంధం లేకుండా మూడు నాలుగు మీటర్ల అవతల ఎక్కడో తెగితే మాత్రం దారం పాతబడిపోయింది, లేదంటే మధ్యలో మీకు తెలీకుండా ఓ చిన్న చిక్కుముడి పడి ఉంది.

ఇది నాకు ఊరికే తెలిసింది కాదు. మా కోనసీమలో సముద్రం పోటు ఎక్కే కాలవ ఒకటుంది, అక్కడ కొత్త రాడ్డు, కొత్త బ్రెయిడ్ దారం, అంటే అల్లిన దారం, ఫుల్ బిల్డప్‌తో దిగాను. సాయంత్రం పోటు తిరిగే టైముకి పండుగప్ప పడింది. పండుగప్ప సంగతి తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు, నీళ్ళ పైకి ఎగిరి తల అటూ ఇటూ విదిలిస్తుంది, రెండోసారి ఎగిరినప్పుడు రాడ్డు ఒక్కసారి తేలికైపోయింది. నేను నెత్తి మీద చెయ్యి పెట్టుకుని "దారం తెగిపోయింది బాబాయ్" అన్నాను. మా బాబాయ్ దారం లాక్కుని కొస చూశాడు, ఉంగరాలు ఉంగరాలుగా ఉంది. "తెగడం ఏంట్రా, నువ్వే వదిలేశావ్" అన్నాడు. అంతే, ఇంకేం తిట్టలేదు, బీడీ వెలిగించుకున్నాడు. నైలాన్ దారానికి వేసే ముడిని బ్రెయిడ్‌కి అలాగే ఐదు చుట్లతో వేసేశాను, బ్రెయిడ్ నున్నగా ఉంటుంది, జారుతుంది, ఆ సంగతి అప్పటికి నాకు తెలీదు.

ముందు దారం గురించి చెప్పి తర్వాత ముడులకి వస్తాను.

షాపుకెళ్ళి "గట్టి దారం ఇవ్వండి" అంటే లావుగా ఉన్నది ఏదో ఒకటి చేతిలో పెడతాడు. అడగాల్సింది అలా కాదు. మనకి దొరికేవి మూడు రకాలు. ఒకటి నైలాన్, ఒంటి పోగు, అందరికీ తెలిసిన గాలం దారం, మోనో అంటారు. రెండోది బ్రెయిడ్, సన్న పోగులు జడలాగా అల్లింది. మూడోది ఫ్లోరోకార్బన్, చూడ్డానికి నైలాన్‌లాగే ఉంటుంది కానీ కాస్త బిరుసు, రేటెక్కువ.

నైలాన్ సాగుతుంది, అదే దాని మంచితనం, అదే దాని లోపం కూడా. చేప ఒక్కసారి గుంజినా దారం సాగి ఆ దెబ్బ తనే తీసుకుంటుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇదే బెస్ట్, మన తప్పులు కొన్ని అది కడుపులో పెట్టుకుంటుంది. లోపం ఏంటంటే దూరంగా వేసినప్పుడు చిన్న చేప ఎర పీకినా చేతికి తెలీదు. ఇంకోటి, నైలాన్ నీళ్ళు పీల్చుకుంటుంది, పీల్చుకున్నాక పొడిగా ఉన్నప్పటంత బలం ఉండదు. ఎండ దీనికి అసలైన శత్రువు. ఒకసారి ఒక షాపులో అద్దాల వెనక, పడమటెండ తగిలే చోట వేలాడదీసిన చుట్ట చవకగా వస్తోంది కదా అని తెచ్చుకున్నాను, చూడ్డానికి మెరుస్తూ భలే ఉంది, రెండు చేతులకీ చుట్టుకుని గుంజితే పాత రబ్బరు బ్యాండ్ తెగినట్టు తెగింది. షాపు పేరెందుకు గానీ, అప్పట్నుంచి ఏ షాపులో అయినా లోపల డబ్బాలో ఉన్నది తియ్యమంటాను. ఇంట్లో కూడా అంతే, రీల్‌ని బండి డిక్కీలోనో, బాల్కనీలోనో పడేయకండి, బట్టల బీరువా అడుగున పెట్టండి, ఇంట్లో వాళ్ళు నాలుగు మాటలు అంటే అననివ్వండి.

బ్రెయిడ్ పాలిథిలీన్‌తో చేస్తారు, మామూలు ప్లాస్టిక్ సంచుల పాలిథిలీన్ కాదు, దాని గొలుసులు చాలా పొడుగ్గా ఉండే రకం. అదే బలానికి నైలాన్ కంటే బాగా సన్నగా ఉంటుంది, సాగదు, నీళ్ళు పీల్చదు, నీళ్ళ మీద తేలుతుంది. గుర్రపుడెక్కలో, తూటికాడలో కొరమీను కోసం ఎర బదులు కప్ప బొమ్మ వేసేవాళ్ళకి ఇది తప్ప ఇంకోటి పనికిరాదు, ఎందుకంటే కొరమీను పట్టీ పట్టగానే నాచులోకి దూరుతుంది, సాగే దారంతో దాన్ని ఆపలేరు, బ్రెయిడ్ అయితే ఆ గడ్డిని కూడా కోసుకుంటూ వస్తుంది. కానీ రాళ్ళ దగ్గర బ్రెయిడ్ చాలా సుకుమారం. వైజాగ్ వైపు సముద్రపు రాళ్ళ మీద నుంచి వేసేవాళ్ళని అడగండి, నత్తగుల్లలు అంటుకున్న రాయికి ఒక్కసారి తగిలితే చాలు, పోగులు పుటుక్కున పోతాయి. అందుకే చివర రెండు మూడు మూరలు లావు నైలాన్‌గానీ ఫ్లోరోగానీ కడతారు, దాన్నే లీడర్ అంటారు. పండుగప్పకైతే మరీ, దాని మొప్ప మూత అంచు బ్లేడులాగా ఉంటుంది, లీడర్ లేకుండా వేస్తే దారం పోయినట్టే. వంజరానికి, వాలుగకి పళ్ళే కత్తెరలు, వాటికి స్టీలు తీగ లీడర్ పెట్టుకోవడం నయం.

ఫ్లోరోకార్బన్ గురించి "నీళ్ళల్లో కనపడదు" అని ఊదరగొడతారు. కనపడకపోవడం అంటూ ఏం లేదు, తక్కువ కనపడుతుంది. కాంతి వంగే లెక్క నీళ్ళకి 1.33, ఫ్లోరోకి సుమారు 1.42, నైలాన్‌కి 1.5 పైన, ఫ్లోరో నీళ్ళకి కాస్త దగ్గర కాబట్టి మెరుపు తక్కువ. మన కాలవల్లో వానాకాలం ఎర్రనీళ్ళల్లో అరచెయ్యే కనపడదు, అక్కడ దీనికి డబ్బులు పెట్టడం దండగ అని నా అభిప్రాయం. తేట నీళ్ళల్లో అయితే, లేదా రాళ్ళకి ఒరుసుకునే చోట లీడర్‌గా అయితే పెట్టొచ్చు. ఇది బరువైన సరుకు, లీటరు నీళ్ళు కిలో ఉంటే అదే సైజు ఫ్లోరో కిలోం ముప్పావు పైనే తూగుతుంది. అందుకే ఫ్లోరో పేరు చెప్పి మామూలు నైలాన్ ఇచ్చాడేమో అని డౌటొస్తే, రెండింటి ముక్కలూ గ్లాసు నీళ్ళల్లో వేసి వేలితో ముంచండి. ఫ్లోరో సర్రున దిగిపోతుంది, నైలాన్ బద్ధకంగా దిగుతుంది, బ్రెయిడ్ ముక్క అయితే పైకొచ్చేస్తుంది.

ఇప్పుడు అంకెలు. చుట్ట మీద పౌన్లు ఉంటాయి, మిల్లీమీటర్లు ఉంటాయి. ఒక పౌను అంటే 454 గ్రాములు, కాబట్టి 10 పౌన్ల దారం అంటే సుమారు 4.5 కిలోలు, 20 అంటే 9 కిలోలు. పౌన్లు ఎంతైనా రాసుకోవచ్చు, కాగితం వాళ్ళదే కదా, అందుకని నేను ముందు మిల్లీమీటర్లు చూస్తాను. నైలాన్‌లో 0.20 నుంచి 0.25 అంటే కాలవలో జెల్లలు, తిలాపియాలు, పరిగెలకి సరిపోద్ది. బొచ్చె, శీలావతి, మోసులకి 0.30 నుంచి 0.35. ఇంక 0.40 దాటిందంటే వెదురు కర్రకి కట్టుకుని వాలుగల కోసం కూర్చోడానికో, సముద్రానికో. దారం లావు రెండింతలైతే బలం రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలు, అడ్డకోత వైశాల్యం అలా పెరుగుతుంది కాబట్టి. అందుకే 0.30 చుట్ట మీద ఏ 40 పౌన్లో రాసి ఉంటే నవ్వుకుని పక్కన పెట్టెయ్యండి. ఇంటర్లో ఫిజిక్స్ ల్యాబ్‌లో స్క్రూ గేజ్‌తో తీగ మందం కొలిచిన బాధ గుర్తుందా, అది ఇక్కడ పనికొస్తుంది, చవక చుట్టల్లో రాసిన దానికంటే లావుగా ఉన్నవి నేను చాలా చూశాను. లావు పెంచి బలం ఎక్కువని రాయడం అన్నమాట.

కొరమీనుకి బ్రెయిడ్ 30 నుంచి 40 పౌన్లు పెడతాను, చేప అంత బరువుండదు, గడ్డి ఉంటుంది. అన్నట్టు వానలు మొదలయ్యాక నీళ్ళ పైన ఎర్రెర్రగా పిల్లల గుంపు తిరుగుతుంటే దాని కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, కప్ప బొమ్మ వేస్తే కోపానికి కచ్చితంగా కొడతాయి, అక్కడ వెయ్యకండి, అవి పోతే ఆ గుంపు మొత్తం మిగతా చేపలకి ఫలహారం. తెలంగాణకి కొరమీను రాష్ట్ర చేప కూడా. ఇంకోటి, చెరువులు చాలాచోట్ల మత్స్య సొసైటీలవి, అడిగి వెయ్యండి, అడిగితే సామాన్యంగా కాదనరు, అడక్కుండా వేస్తే మాత్రం దారం, కర్ర రెండూ పోతాయి.

రీల్‌కి ఎక్కించేటప్పుడు ఒక మాట. బ్రెయిడ్‌ని ఖాళీ స్పూల్ (రీల్‌లో దారం చుట్టుకునే చక్రం) మీద డైరెక్టుగా చుడితే మొత్తం చుట్ట లోపలే గిర్రున తిరుగుతుంది, మీరు రీల్ తిప్పుతుంటారు, చేప మాత్రం రాదు, ఏమైందో అర్థం కాదు. ముందు నాలుగైదు మీటర్లు నైలాన్ చుట్టి, దానికి బ్రెయిడ్ కలిపి ఎక్కించండి. తడి గుడ్డతో దారాన్ని పట్టుకుని బిగువుగా ఎక్కించాలి, స్పూల్ అంచుకి రెండు మిల్లీమీటర్లు కిందే ఆపెయ్యాలి, నిండా ఎక్కిస్తే విసిరినప్పుడు గుత్తులు గుత్తులుగా ఊడొస్తుంది.

సరే, ముడులు.

ముందు మనందరం వేసే ముడి గురించి, అదే పీటముడి. మామూలు ముడి వేసి, దాని మీద ఇంకోటి, నమ్మకం చాలక ఇంకోటి. మూడు వేశాను కదా గట్టిదే అనుకుంటాం. మామూలు ముడిలో దారం తన మీద తనే ఒకే చోట అడ్డంగా పడి నొక్కుకుంటుంది, బరువు పడేకొద్దీ ఆ ఒక్క చోటే కోసుకుంటుంది, దారం బలం దాదాపు సగానికి పడిపోతుంది. దాని మీద ఇంకో పది వేసినా మొదటిది కోసే కోత ఆగదు. మంచి ముడులన్నిటిదీ ఒకటే కిటుకు, బరువంతా ఒక్క చోట పడకుండా ఐదారు చుట్ల మీద కొంచెం కొంచెం పంచుకుంటాయి. విసిరేటప్పుడు గాలికి దారం మధ్యలో పడే చిన్న ముడి కూడా ఇదే జాతి, అది కనపడిందా, గోళ్ళతో విప్పుతూ కూర్చోకండి, అక్కడికి కోసెయ్యండి.

మాటలు ఒకటి అనుకుందాం: రీల్ వైపో కర్ర వైపో వెళ్ళేది తల్లి దారం, మన చేతిలో మిగిలేది కొస.

మన ఊరి కిరాణా కొట్లల్లో విడిగా అమ్మే గాలాలకి చాలావాటికి బెజ్జం ఉండదు, తల సుత్తితో కొట్టినట్టు చదునుగా ఉంటుంది. వీటికి ఏ ముడి వెయ్యాలో తెలీక చాలామంది బెజ్జం ఉన్నవే కావాలని వెతుకుతారు. వెతకక్కర్లేదు, కాడకి చుట్టే ముడి వీటికుంది, దీన్ని స్నెల్ అంటారు, మా బాబాయ్‌కి ఆ పేరు తెలీదు, కళ్ళు మూసుకుని వేస్తాడు. గాలాన్ని ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య వంపు దగ్గర పట్టుకోండి, చదును తల పైకి. దారం చివర జానెడున్నర వదిలి మడత పెట్టండి, ఆ మడత ఉచ్చు గాలం వంపు వైపు ఉండేలా కాడకి ఆనించండి. ఇప్పుడు కొసని తల దగ్గర మొదలుపెట్టి కాడనీ, ఉచ్చు రెండు పోగుల్నీ కలిపి కిందకి చుట్టుకుంటూ రండి, ఏడు చుట్లు, పక్కపక్కనే, బావి తాడు గిలకకి చుట్టినట్టు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. ఏడో చుట్టు అయ్యాక కొసని కింద మిగిలిన ఉచ్చులోంచి దూర్చండి. చుట్లని వేళ్ళతో నొక్కి పట్టుకుని తల్లి దారాన్ని మెల్లగా లాగితే ఉచ్చు మూసుకుపోయి కొసని పట్టేస్తుంది. ఉమ్ముతో తడిపి, చుట్లన్నీ తల దాకా జరిపి, కొసా తల్లి దారం రెండూ లాగి బిగించండి. ఒకటి చూడాలి, తల్లి దారం చదును తలకి ముందు వైపు నుంచి, అంటే మొన ఉన్న వైపు నుంచి రావాలి. వెనక నుంచి వస్తే చదును అంచు దారాన్ని కోస్తుంది, లాగినప్పుడు గాలం కూడా వంకర తిరుగుతుంది. వేసేశాక వెనక్కి వెళ్ళిందనుకోండి, ముడిని కాడ చుట్టూ గిర్రున తిప్పి ముందుకి తెచ్చుకోవచ్చు, మళ్ళీ కట్టక్కర్లేదు.

బెజ్జం ఉన్న గాలాలకి, స్వివెల్‌కి (దారం మెలిపడకుండా తిరిగే చిన్న కడియం), బొమ్మలకి, అన్నిటికీ ఒక్కటే ముడి నేర్చుకుంటాను అంటే యూనీ నేర్చుకోండి. చీకట్లో కూడా పడుతుంది. దారాన్ని బెజ్జంలోంచి దూర్చి జానెడున్నర లాగండి. కొసని తల్లి దారం పక్కనే ఆనించి, వెనక్కి గాలం వైపు తిప్పండి, ఒక గుండ్రటి ఉచ్చు వస్తుంది, ఆ ఉచ్చు పక్కన రెండు దారాలు జంటగా ఉంటాయి. కొసని ఉచ్చులోపలి నుంచి ఆ జంట చుట్టూ చుట్టండి, నైలాన్‌కి ఐదు, బ్రెయిడ్‌కి ఎనిమిది. ప్రతి చుట్టూ ఉచ్చులోంచే బయటకి రావాలి, అది మర్చిపోతే అది యూనీ కాదు, ఏదో అవుతుంది. తర్వాత కొసని లాగితే చుట్లన్నీ దగ్గరికొచ్చి చిన్న పీపాలాగా తయారవుతాయి. ఇక్కడ తడపాలి. తడిపాక తల్లి దారం లాగితే ఆ పీపా జారుకుంటూ వచ్చి బెజ్జానికి ఆనుకుంటుంది. చివరగా కొసని ఇంకోసారి గట్టిగా లాగి, మూడు మిల్లీమీటర్లు వదిలి కోసెయ్యండి. మరీ అంటుగా కోస్తే కొంచెం జారినా ఊడిపోతుంది.

బ్రెయిడ్‌కి నేను ఎక్కువ నమ్మేది పాలొమార్. పండుగప్ప పోయాక నేర్చుకున్నది ఇదే. చాలా తేలిక: దారం జానెడు మేర మడిచి జంట చెయ్యండి, ఆ మడతని బెజ్జంలోంచి దూర్చండి, బయటికొచ్చిన మడతతో తల్లి జంట మీద ఒక్క మామూలు ముడి వదులుగా వెయ్యండి, బిగించొద్దు, గాలం మధ్యలో వేలాడుతూ ఉండాలి. ఇప్పుడు మడత కొసని వెడల్పు చేసి గాలం మొత్తాన్ని అందులోంచి దాటించండి, పిల్లాడికి మెడలోంచి చొక్కా తొడిగినట్టు. తడిపి, తల్లి దారం, కొస రెండూ కలిపి లాగండి. మడత వచ్చి బెజ్జం పైన కూర్చోవాలి. ఇందులో తప్పు జరిగేది ఒకే చోట, జంట పోగులు ఒకదాన్ని ఒకటి దాటితే కోసుకుంటాయి, బిగించే ముందు వేలితో సర్దండి. మూడు గాలాలున్న పెద్ద బొమ్మలకి ఇది విసుగు, బొమ్మంతా మడతలోంచి దాటించాలి, వాటికి యూనీయే వేసుకోండి.

చుట్టలమీద, డబ్బాలమీద బొమ్మ వేసి చూపించే ముడి క్లించ్, అదే బెజ్జంలోంచి దూర్చి, ఐదారు సార్లు మెలేసి, కొసని బెజ్జం దగ్గర సందులోంచీ, మళ్ళీ పెద్ద ఉచ్చులోంచీ దూర్చేది. సన్న నైలాన్‌కి బాగానే ఉంటుంది. లావు దారానికి చుట్లు సరిగ్గా కూర్చోవు, బ్రెయిడ్‌కి జారుద్ది, నా పండుగప్పని అడగండి.

రెండు దారాలు కలపాలంటే, అంటే బ్రెయిడ్‌కి లీడర్ కట్టాలంటే, రెండు యూనీలు ఎదురెదురుగా. రెండు కొసల్నీ ఒకదాని పక్కన ఒకటి మూరెడు మేర ఎదురు దిశల్లో పెట్టుకోండి. బ్రెయిడ్ కొసతో లీడర్ చుట్టూ యూనీ, ఎనిమిది చుట్లు. లీడర్ కొసతో బ్రెయిడ్ చుట్టూ యూనీ, నాలుగైదు చుట్లు. రెండూ తడిపి, ఒక్కోటి సగం బిగించి, అప్పుడు రెండు తల్లి దారాల్నీ చెరోవైపు లాగితే రెండు పీపాలూ ఎదురొచ్చి వియ్యపురాళ్ళలాగా ఢీకొని ఆగుతాయి. దీని కంటే సన్నగా, రాడ్డు రింగుల్లోంచి సాఫీగా వెళ్ళేది ఎఫ్‌జీ అని ఉంది, గొప్ప ముడే, కానీ గట్టు మీద గాలిలో, దోమల మధ్య, హెడ్ లైటు పెట్టుకుని దాన్ని వెయ్యాలంటే రాసిపెట్టి ఉండాలి. ఇంట్లో కట్టుకుని వెళ్ళండి, గట్టు మీద తెగితే రెండు యూనీలు వేసుకోండి.

తడపడం గురించి ఇన్నిసార్లు చెప్పాను, కావాలనే. పొడిగా ఉన్న నైలాన్‌ని సర్రుమని బిగిస్తే రాపిడికి వేడి పుడుతుంది, ఆ వేడికి దారం పైపొర మెత్తబడి అక్కడే బలం పోతుంది. ముడి చూడ్డానికి బాగానే ఉంటుంది. దగ్గరగా పెట్టి చూస్తే ముడి పైన ఓ అంగుళం మేర దారం తెల్లగా మసకేసి, పేనినట్టు సన్నగా వంకీలు పడి ఉంటుంది, అదే కాలిన గుర్తు. అలా కనపడితే మొహమాటం లేకుండా కోసి మళ్ళీ కట్టండి. ఉమ్మైనా సరే, నీళ్ళైనా సరే, కాకపోతే ఎర ముట్టుకున్న చేత్తో నోట్లో పెట్టుకునేటప్పుడు కాస్త చూసుకోండి, వానపాముల రుచి నాకు తెలుసు. కొసని కోయడానికి గోళ్ళ కత్తెర చాలు. మా బాబాయ్ తరం వాళ్ళు కొసని బీడీతో కాల్చి చిన్న గుండు చేస్తారు, అది నిజంగానే జారకుండా ఆపుతుంది, కానీ ఓ మిల్లీమీటరు అటైతే ముడే కాలుతుంది. ఆయన చెయ్యి వణకదు కాబట్టి ఆయనకి చెల్లింది.

ముడి సరిగ్గా పడిందో లేదో చేపతో టెస్ట్ చేసుకోవడం ఖరీదైన పని. ఇంట్లో బకెట్ ఉంది కదా. బెజ్జం గాలం బదులు ఓ తాళం చెవుల రింగు తీసుకోండి, గాలం ఊడి మొహం మీదకి వస్తే ప్రమాదం. రింగుకి మీ ముడి వేసి కిటికీ ఊచకి తగిలించండి. దారం రెండో కొసని బకెట్ హ్యాండిల్‌కి ఓ ఎనిమిది చుట్లు చుట్టి టేపు అంటించండి, అక్కడ ముడి వెయ్యొద్దు, వేస్తే అదే ముందు తెగి లెక్క తప్పుద్ది. బకెట్ నేలకి రెండంగుళాల పైన వేలాడాలి, పడినా పాదం మీద పడకుండా. ఇంక లీటరు సీసాతో నీళ్ళు పొయ్యడమే, లీటరంటే కిలో, బకెట్ బరువు విడిగా కలుపుకోండి. నేను 12 పౌన్ల నైలాన్‌తో చేశాను, కాగితం మీద 5.4 కిలోలు. పీటముడి బకెట్‌తో కలిపి మూడు కిలోల దగ్గరే టప్పుమంది. అదే దారానికి తడిపి బిగించిన యూనీ దాదాపు ఐదు దాకా మోసింది. పొడిగా, గబగబా బిగించిన యూనీ మధ్యలో ఎక్కడో పోయింది. ఆ రోజు హాల్లో నీళ్ళు తుడవాల్సొచ్చింది, మీరు బాత్రూమ్ కిటికీకి కట్టుకోండి.

రీల్‌కి బ్రేక్ కూడా దీన్ని బట్టే పెట్టుకోవాలి, దారం బలంలో మూడో వంతు దగ్గరే అది జారి దారం వదలాలి. 12 పౌన్లైతే కిలోం ముప్పావు. సామాన్లు తూచే చిన్న స్ప్రింగ్ కాటా దారానికి తగిలించి లాగి చూసుకుంటే రెండు నిమిషాల పని. కొత్తవాళ్ళు భయంతో బ్రేక్ మొత్తం బిగించేస్తారు, ఇంక ఏ ముడి వేసి ఏం లాభం.

గట్టు మీద ఉన్నప్పుడు మా బాబాయ్ ప్రతి చేప తర్వాతా ఒక పని చేస్తాడు, చిన్న జెల్ల పడినా సరే చేస్తాడు. గాలం దగ్గర్నుంచి రెండు మూరల దారాన్ని బొటనవేలి గోరు మీద పెట్టి మెల్లగా లాగుతాడు. గోటికి ఎక్కడైనా టిక్ మని తగిలితే ఆగి, ఆ చోటుని ఇంకోసారి పెదాల మధ్య లాగుతాడు, పెదాలకి గోటి కంటే బాగా తెలుస్తుందట. తగిలిందంటే అక్కడికి కోసేసి కొత్తగా కడతాడు. నేను మొదట్లో ఇది చాదస్తం అనుకునేవాణ్ణి, ఒక్క గీతకి మూరెడు దారం పారేస్తాడేంటని. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను, పెదాలతో సహా.

కోసిన ముక్కలు నీళ్ళల్లోగానీ గట్టు మీదగానీ వెయ్యడు, చొక్కా జేబులో పెట్టుకుంటాడు. నైలాన్ కుళ్ళదు, కొంగల కాళ్ళకి చుట్టుకుంటుంది, కొల్లేరు వైపు గూడబాతులకైతే ముక్కుకీ రెక్కకీ కలిపి పడుద్ది, ఒకసారి చూస్తే మర్చిపోలేరు. ఇంటికొచ్చాక ఆ ముక్కల్ని అంగుళం అంగుళం కత్తిరించి చెత్తలో వెయ్యాలి. ఆయన జేబులో మర్చిపోతాడు, అవి వాషింగ్ మెషిన్‌లోకి వెళ్ళిపోతాయి, పిన్ని చీరకి చుట్టుకున్న 0.30 దారాన్ని విప్పలేక ఆదివారం పూట ఆ ఇంట్లో జరిగే గొడవ మా వీధంతా వింటుంది.